నొక్కి వదిలేసే పవర్ బటన్: సొంత యాంప్లిఫయర్లలో కొన్నేళ్ల వాడకం తర్వాత

ఈ సమీక్షలో బటన్‌కు మంచి మార్కులే వేస్తాను. దాని వెనక పెట్టి చూసిన సర్క్యూట్లన్నింటికీ మాత్రం వేయలేను. కొనేటప్పుడు మనం చూసేది బటన్ వ్యాసం, రింగు రంగు. కొన్నేళ్లు వాడాక సుఖపెట్టేదీ విసిగించేదీ ఆ రెండూ కావు.

నా దగ్గర ఉన్నవి 19 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ బటన్లు, చుట్టూ ఎల్‌ఈడీ రింగు ఉన్న రకం. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. కాలింగ్ బెల్ బటన్ లాగా నొక్కినంతసేపే కలిసి, వేలు తీయగానే విడిపోతాయి; వీటినే మొమెంటరీ రకం అంటారు. అచ్చం ఇదే ముఖంతో, నొక్కితే లోపలే నిలిచిపోయే లాచింగ్ రకం కూడా ఉంది. రెండింటినీ చూపుతో పోల్చుకోలేం కాబట్టి కొట్లోనే నొక్కి చూసి తీసుకోవడం మేలు. ఇంట్లో నేను కట్టుకున్న మూడు పెట్టెల్లో ఇవి పనిచేస్తున్నాయి: 500 వీఏ టొరాయిడ్‌తో (రింగు ఆకారపు ట్రాన్స్‌ఫార్మర్) నడిచే ఎల్‌ఎం3886 చిప్పు పవర్ యాంప్, టీడీఏ7294 చిప్పుతో కట్టిన చిన్న యాంప్, రికార్డ్ ప్లేయర్ బలహీన సిగ్నల్‌ను పెంచే ఫోనో ప్రీయాంప్.

లాచింగ్ రకాన్నే తెచ్చి 230 వోల్టులను నేరుగా దాని గుండా పంపితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. దాని మీద 3 ఆంపియర్లు, 250 వోల్టులు అని రాసి ఉంటుంది. 500 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడులో తీసుకునేది 2.2 ఆంపియర్లే. కాగితం మీద లెక్క కుదిరినట్టే కనిపిస్తుంది. కానీ ఆన్ చేసిన క్షణంలో టొరాయిడ్ కోర్ సంతృప్తమైతే కరెంటుకు అడ్డు నిలిచేది ప్రైమరీ చుట్టలో ఉండే కొద్ది ఓమ్‌లే. దానికి తోడు ఫిల్టర్ కెపాసిటర్లు ఖాళీగా ఉండి షార్ట్ లాగే ప్రవర్తిస్తాయి. ఇంట్లో ఉండే 6 ఆంపియర్ల బి రకం ఎంసీబీ వెంటనే పడిపోవాలంటే 18 నుంచి 30 ఆంపియర్లు పారాలి. పెద్ద టొరాయిడ్లు దాన్ని తేలిగ్గా పడగొడతాయి. అంత కరెంటును వేలెడంత బటన్‌లోని వెండి చుక్కల మీదుగా రోజూ పంపితే అవి ఏదో ఒక రోజు అతుక్కుపోతాయి. అప్పుడు యాంప్‌ను ఆపాలంటే ప్లగ్గు పీకడమే.

చెవికి తెలిసే కారణం మరొకటి ఉంది. మెయిన్స్ (గోడ సాకెట్ నుంచి వచ్చే 230 వోల్టుల) స్విచ్ ముందు ప్యానెల్ మీద ఉంటే, వెనక సాకెట్ నుంచి ముందుకు, మళ్లీ వెనక్కి 230 వోల్టుల తీగలు పెట్టె పొడవునా తిరగాలి. రికార్డ్ ప్లేయర్ సూదిని పట్టుకునే ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) కాట్రిడ్జ్ ఇచ్చే సిగ్నల్ సుమారు 5 మిల్లీవోల్టులు. దాని పక్కనుంచి మెయిన్స్ తీగ పోతే 50 హెర్ట్జ్ హమ్ వినిపించడంలో ఆశ్చర్యం లేదు. మొమెంటరీ బటన్ వాడితే మెయిన్స్ అంతా వెనక మూలలోనే ఆగిపోతుంది. ముందుకు వచ్చేవి 12 వోల్టుల సన్నని తీగలు. ఈ ఒక్క లాభం కోసమే నేను ఈ దారి పట్టాను, ఇప్పటికీ వదలలేదు.

ఇక, వేలు తీశాక కూడా ఆన్, ఆఫ్ స్థితిని గుర్తుంచుకోవడానికి బటన్ వెనక ఏం పెట్టాలన్నది అసలు గొడవ. మొదటిది సీడీ4013 ఫ్లిప్‌ఫ్లాప్, అంటే పల్స్ వచ్చినప్పుడల్లా స్థితి మార్చుకునే చిప్పు. ఒక్క బటన్‌తో ఆన్, ఆఫ్ రెండూ చేస్తుంది, ఖర్చు చాలా తక్కువ. అయితే బటన్ లోపలి కాంటాక్టు ఒకసారి కలిసి ఊరుకోదు, కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి కలుస్తుంది. దాన్ని అణచడానికి ఆర్‌సీ (రెసిస్టర్, కెపాసిటర్ ఫిల్టర్) పెడితే సిగ్నల్ అంచు మందగిస్తుంది. 4013 క్లాక్ పిన్నుకు పదునైన అంచు కావాలి. కాబట్టి మధ్యలో మందగించిన అంచును పదునుపెట్టే 40106 లాంటి ష్మిట్ ట్రిగ్గర్ గేటు తప్పదు. ఇంత చేసినా వంటింట్లో మిక్సీ ఆపినప్పుడు టీడీఏ7294 యాంప్ తనంతట తానే వెలిగిన రోజులున్నాయి. బటన్ తీగలను మెలితిప్పి, ఫిల్టర్‌ను బటన్ దగ్గర కాకుండా బోర్డు దగ్గర పెట్టాక ఆ అల్లరి తగ్గింది.

రెండోది బైస్టేబుల్ రిలే. రిలే అంటే కాయిల్‌కు కరెంటు ఇచ్చి కదిలించే స్విచ్. కాయిల్‌కు ఒక్క పల్స్ ఇస్తే చాలు, కరెంటు తినకుండా అదే స్థితిలో నిలుస్తుంది. వినడానికి బాగుంటుంది. మన ఊళ్లలో దాని గుణమే దోషం. యాంప్ నడుస్తుండగా కరెంటు పోయిందనుకోండి, మీరు తాళం వేసి బయటికి వెళ్లారనుకోండి. కరెంటు రాగానే ఎవరూ లేని ఇంట్లో యాంప్ మళ్లీ లేస్తుంది, అదీ సరఫరా తిరిగొచ్చే క్షణంలో ఉండే ఒడిదుడుకుల మధ్య. కొంతకాలానికే దాన్ని తీసేశాను.

మూడోది, నాకు నచ్చినది, బోరు మోటారు స్టార్టర్ పద్ధతి. పచ్చ బటన్, ఎర్ర బటన్. పచ్చది నొక్కితే రిలే లాగుతుంది, రిలే సొంత కాంటాక్టే పచ్చ బటన్‌కు సమాంతరంగా నిలిచి కాయిల్‌ను పట్టి ఉంచుతుంది. ఎర్రది కాయిల్‌కు సిరీస్‌లో మామూలుగా కలిసే ఉంటుంది, నొక్కితే విడిపోతుంది. ఈ స్టీల్ బటన్లలో చాలావాటికి రెండు రకాల కాంటాక్టులూ ఉంటాయి కనుక రెండు చోట్లా ఒకే సరుకు సరిపోతుంది. చిప్పు లేదు, ప్రోగ్రాము లేదు. కాయిల్‌ను కదిలించాలంటే 30 మిల్లీఆంపియర్లు కొన్ని మిల్లీసెకన్ల పాటు పారాలి కాబట్టి మిక్సీ పల్లెత్తు మాట అనలేదు. కరెంటు పోతే పట్టు వదిలేస్తుంది, వచ్చినా నొక్కేదాకా లేవదు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక ఆటో స్టార్టర్లు పెట్టుకునే రైతుకు ఈ గుణమే ఇబ్బంది. యాంప్‌కు మాత్రం సరిగ్గా ఇదే కావాలి. ఎర్ర బటన్ తీగ తెగినా ఫలితం ఆఫే.

ఒక జాగ్రత్త. ఒకే రిలేలో ఒక జత కాంటాక్టుల మీద 12, పక్క జత మీద 230 వోల్టులు ఉంచడం నాకిష్టం లేదు. నా పెట్టెలో షుగర్ క్యూబ్ అనే చిన్న రిలే పట్టు నిలుపుతుంది, వేరే పెద్ద రిలే ఫేజును, న్యూట్రల్‌ను రెండింటినీ తెంచుతుంది. ఇళ్లలో సాకెట్లకు ఆ రెండూ తారుమారై ఉండటం అరుదేమీ కాదు, ఒక్క తీగ తెంచితే ఏది తెంచామో చెప్పలేం.

ఆన్ చేసిన క్షణంలో కరెంటు పోటును తగ్గించే సాఫ్ట్ స్టార్ట్ గురించి ఎక్కడా సరిగా చెప్పని విషయం ఒకటుంది. 47 ఓమ్‌ల పవర్ రెసిస్టర్ ద్వారా మొదలుపెట్టి, సెకను తర్వాత రెండో రిలేతో దాన్ని బైపాస్ చేస్తాం. మొదటి కరెంటు పోటు 7 ఆంపియర్లు దాటదు. బాగుంది. కానీ ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపు విరామం కొన్ని పదుల మిల్లీసెకన్లే. యాంప్ ఆఫ్‌లో ఉన్నా రిలేలకు 12 వోల్టులు సిద్ధంగా ఉంచే స్టాండ్‌బై సప్లైలో 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటే, 30 మిల్లీఆంపియర్ల రిలేకు 40 మిల్లీసెకన్లలో తగ్గేది 1.2 వోల్టులే. రిలేలు రెండూ వదలవు. సరఫరా తిరిగొచ్చేసరికి బైపాస్ మూసే ఉంటుంది, టొరాయిడ్ నేరుగా మెయిన్స్ మీద పడుతుంది, ఎంసీబీ పడుతుంది. అందుకే స్టాండ్‌బైలో పెద్ద కెపాసిటర్ గొప్ప కాదు. డయోడు, చిన్న కెపాసిటర్‌తో ఏసీని విడిగా కనిపెట్టి, అది పోగానే పట్టు వదిలించే ఏర్పాటు ఉంటేనే ఈ పద్ధతికి పూర్తి మార్కులు వేస్తాను.

బటన్ మన్నిక సంగతి. స్ప్రింగు, రబ్బరు సీలు ఇప్పటికీ కొత్తగానే ఉన్నాయి, దుమ్ము లోపలికి పోలేదు. ఇబ్బంది వచ్చింది 4013 పెట్టెలో. కొన్నేళ్లకు ఒక్కోసారి రెండుసార్లు నొక్కాల్సి వచ్చేది. వెండి కాంటాక్టు మీద నల్లటి పొర పడుతుంది, దాన్ని చీల్చుకుని పోవడానికి కొంత కరెంటు ఉండాలి. ఇలాంటి సర్క్యూట్లలో తరచూ కనిపించే 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గుండా 12 వోల్టుల దగ్గర పారేది 0.12 మిల్లీఆంపియరే. 2.2 కిలో ఓమ్‌లు పెట్టి 5 మిల్లీఆంపియర్లకు పైగా పారేలా చేశాక ఒక్క నొక్కుకే పలుకుతోంది. స్టార్టర్ పద్ధతిలో రిలే కరెంటే బటన్ గుండా పోతుంది కాబట్టి ఈ బెడద లేదు.

రింగు వెలుగు చీకటి గదిలో కళ్లలో గుచ్చుకుంటుంది, ముఖ్యంగా నీలం. 10 కిలో ఓమ్‌లు సిరీస్‌లో కలిపితే శాంతిస్తుంది. మొదట రింగును స్టాండ్‌బైలో కూడా వెలిగేలా పెట్టాను. ‘ఆపేశానన్నావు, లైటు వెలుగుతూనే ఉందేమిటిరా?’ అని అమ్మ రోజూ అడుగుతుంటే, యాంప్ నడుస్తున్నప్పుడే వెలిగేలా మార్చాను. ఇప్పుడు ఆవిడే ఆపుతున్నారు.

స్టాండ్‌బై ఖర్చు భయపడేంత కాదు. 1 వాట్ ఏడాది పొడవునా తిన్నా 8.76 యూనిట్లు. అయినా వెనక ఫ్యూజుతో పాటు రాకర్ స్విచ్ తప్పనిసరి. ముందు బటన్ ఆఫ్‌లో ఉన్నా లోపల కొన్ని చోట్ల 230 వోల్టులు ఉంటాయి, ప్లగ్గు పీకకుండా మూత తీయకూడదు.

ఫోనో ప్రీయాంప్‌కు మాత్రం మళ్లీ కట్టాల్సి వస్తే ఇది పెట్టను. అది తినేది కొద్ది వాట్లు, బయటి అడాప్టర్‌తో నడుస్తుంది, మెయిన్స్ దాని పెట్టెలోకే రాదు. మామూలు టోగుల్ స్విచ్ చాలు. టీడీఏ7294 లో 4013 బోర్డు తీసి స్టార్టర్ పద్ధతికి మార్చాలి. దానికి ముందు ప్యానెల్‌లో రెండో రంధ్రం కొట్టాలి, 3 మిల్లీమీటర్ల అల్యూమినియం పలక, అందుకే వాయిదా పడుతోంది.