కొలోనియా దారి: ఎక్కడ ఆగితే లాభం, ఎక్కడ ఆగొద్దు

ఎలైట్ డేంజరస్ అనే అంతరిక్ష వీడియో గేమ్ గెలాక్సీలో 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలున్నాయి. లక్షకు పైగా అసలు ఖగోళ కేటలాగుల నుంచి తీసుకున్నవి, మిగతావన్నీ ఆటలోని స్టెల్లార్ ఫోర్జ్ ప్రోగ్రామ్ లెక్కగట్టి పుట్టించినవే. లెక్క ఒకటే కాబట్టి నల్లగొండలో చూసినా పాలమూరులో చూసినా ఆ గ్రహం మీద ఆ లోయ అక్కడే ఉంటుంది.

అందాల ముచ్చట తర్వాత. దారిలో స్కాన్ చేసిన డేటా అమ్మేదాకా మన చేతికి వచ్చినట్టు కాదు, షిప్ పేలితే మొత్తం గల్లంతే. మజిలీ ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది అక్కడ డేటా కొంటారా, రిపేరు చేస్తారా అన్నదే.

సోల్ (మన సూర్యుడి వ్యవస్థ) నుంచి కొలోనియా అనే దూరపు నివాస ప్రాంతం 22,000 కాంతి సంవత్సరాలు. ఒక్కో జంపుకు 50 కాంతి సంవత్సరాలు దూకే షిప్‌కు 440 జంపులు. న్యూట్రాన్ స్టార్ నుంచి చిమ్మే జెట్ చివరి కొసను తాకి వెళ్తే తర్వాతి జంపు నాలుగింతలవుతుంది. కానీ తాకిన ప్రతిసారీ జంపు చేయించే ఇంజిన్, అదే ఎఫ్ఎస్‌డీ, కాస్త దెబ్బతింటుంది. అందుకే రిపేరు యూనిట్లు, అవే ఏఎఫ్ఎమ్‌యూలు, రెండు పెట్టుకోండి. ఏ యూనిటూ తనను తాను బాగుచేసుకోదు, ఒకదాన్ని ఇంకోటి చేయాలి. పవర్ ప్లాంటును మాత్రం రెండూ ముట్టవు. వైట్ డ్వార్ఫ్ జోలికే పోవద్దు: పెరిగేది ఒకటిన్నర రెట్లే, జెట్ పొట్టిది, షిప్ దాటకూడని హద్దు, అంటే ఎక్స్‌క్లూజన్ జోన్, పక్కనే ఉంటుంది. అది తగిలి సూపర్‌క్రూజ్ (వ్యవస్థ లోపల తిరిగే అతివేగ ప్రయాణం) ఊడిందంటే జెట్‌లోనే గింగిరాలు.

న్యూట్రాన్ దగ్గర ఇంధనం దొరకదు. నక్షత్రం నుంచి ఇంధనం తోడే స్కూప్ పనిచేసేది ఓ, బీ, ఏ, ఎఫ్, జీ, కే, ఎం తరగతి నక్షత్రాల దగ్గరే. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద బంకులు చూసుకుంటూ పోయినట్టు, గెలాక్సీ మ్యాప్‌లో ఫిల్టర్ పెట్టుకుని పోవాలి. వేడి 100 శాతం దాటితే మాడ్యూళ్లు పాడవుతాయి, 70 దగ్గరే షిప్ మూతి తిప్పేయండి. ట్యాంకు ఖాళీ అయి ఆక్సిజన్ కౌంట్‌డౌన్ మొదలైతే వెంటనే మెయిన్ మెనూకు వచ్చేసి, అప్పుడు ఫ్యూయెల్ ర్యాట్స్‌ను పిలవండి. వాళ్లు ఆటగాళ్లే, పైసా తీసుకోరు. లోపలే ఉండి పిలిస్తే వాళ్లొచ్చేలోపు ఆక్సిజన్ అయిపోతుంది.

బసకు కొలోనియాలోని జాక్స్ స్టేషనే మేలు: డేటా అమ్మకం, రిపేరు, విడిభాగాలు అన్నీ అక్కడే. గెలాక్సీ నడిమధ్య బ్లాక్ హోల్ సాజిటేరియస్ ఏ స్టార్ సోల్‌కు సుమారు 25,900 కాంతి సంవత్సరాలు. వెనక నక్షత్రాల వెలుగు వంగడం తప్ప పెద్దగా చూసేదేం లేదు, అరగంట చాలు. స్టేషన్ కావాలంటే చుట్టుపక్కల ఉన్న ఎక్స్‌ప్లోరర్స్ యాంకరేజ్‌కు పోవాలి. ఫ్లీట్ క్యారియర్లు, అంటే ఆటగాళ్ల సొంత భారీ ఓడలు, దారిలో తగులుతాయి గానీ, డేటా కొనే కౌంటర్ అన్నిట్లో ఉండదు, ఉన్నచోట ధరలో కోత పడుతుంది. పైగా అందులో లాగౌట్ అయి పడుకుంటే పొద్దుటికి 500 కాంతి సంవత్సరాలు అవతల తేలొచ్చు, ఓనర్ ఎటు తిప్పితే అటే.

ఒంటరిగా ఆడే సోలో మోడ్‌కైనా నెట్ ఉండాల్సిందే. కరెంటు పోయే చోట యూపీఎస్‌కు కంప్యూటర్‌తో పాటు రూటర్‌నూ తగిలించండి.