మూడేళ్లు వాడిన స్కానింగ్ యాప్: చందా రద్దు చేసి, ఖాతా తీసేయించి, ఫోనులోంచి తొలగించిన అనుభవం

కావలి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి దగ్గరలో నేను దస్తావేజులు రాస్తుంటాను. కక్షిదారులు తెచ్చే లింకు దస్తావేజులు (అదే ఆస్తి పాత దస్తావేజులు), ఈసీలు (ఆస్తిపై జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రాలు), పట్టాదారు పాసు పుస్తకాలు, ఆధార్ నకళ్లు అన్నీ ఫోనుతోనే స్కాన్ చేసుకోవచ్చని 2022 ఏప్రిల్‌లో ఒక యాప్ తీసుకున్నాను. ఉచితంగా వాడితే ప్రతి పేజీ అడుగున వాళ్ల పేరు అచ్చుపడేది. ఆ పేరు లేకుండా రావాలంటే నెలకు 120 రూపాయల చందా. దాదాపు మూడేళ్లు ఆ చందా కట్టి, నిరుడు దాన్ని పూర్తిగా వదిలించుకున్నాను. యాప్ ఎలా ఉందన్న దానికంటే, దాన్నుంచి బయటపడటానికి ఏమేం చేయవలసి వచ్చిందో చెప్పడమే ఇలాంటి చందాలు కడుతున్న వారికి ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం.

అయినా మంచి మాట ముందు చెప్పాలి. నేను కూర్చునే గదిలో వెలుతురు తక్కువ. ట్యూబులైటు కింద ఫోను పట్టుకుంటే నా చేతి నీడే కాగితం మీద పడుతుంది. ఆ నీడను తీసేయడంలో, నాలుగు మడతలు పడి అంచులు చిరిగిన స్టాంపు కాగితాన్ని నలుచదరంగా సరిచేయడంలో ఈ యాప్‌కు వంక పెట్టలేను. అచ్చయిన తెలుగును చదివి అక్షరాలుగా మార్చే సౌకర్యం కూడా ఈసీల వరకు బాగానే పనిచేసింది. చేతిరాత దగ్గరే ఇబ్బంది. నలభై యాభై ఏళ్ల కిందటి ఇంటిస్థలం దస్తావేజుల్లో మా ప్రాంతంలో కొలత అంకణాల్లో రాసి ఉంటుంది. ఆ సిరా చేతిరాతలో అంకణాల సంఖ్యను ఒకటికి రెండుసార్లు తప్పుగా చదివింది; అది హద్దుల పట్టీలోకి ఎక్కితే రిజిస్ట్రేషనే ఆగిపోతుంది కనుక అప్పటినుంచి ఆ సౌకర్యాన్ని చేతిరాతకు వాడటం మానేశాను.

2025లో చందా 199కి పెరిగింది. అదే పని గూగుల్ డ్రైవ్ యాప్‌లో ఉన్న స్కాన్ సౌకర్యం ఉచితంగా చేస్తున్నదని తెలిశాక మానుకోవాలని నిర్ణయించుకుని, జూన్‌లో ఒకరోజు యాప్ గుర్తుమీద వేలు నొక్కిపట్టి, అన్‌ఇన్‌స్టాల్ కొట్టి, పని అయిపోయిందనుకున్నాను. జులైలో 199 రూపాయలు పోయాయి. ఆగస్టులోనూ పోయాయి. డబ్బు కోసే ముందురోజు మెసేజ్ రాలేదని అనను, వచ్చింది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇలాంటి కోతకు కనీసం 24 గంటల ముందు తెలియజేయాలి. కానీ రోజుకు ముప్పై మెసేజ్‌లు వచ్చే ఫోనులో దాన్ని ప్రకటన అనుకుని చదవకుండా వదిలేశాను. పిన్ ఎందుకు అడగలేదని కూడా అనుమానం వచ్చింది. నా చందా పోతున్నది యూపీఐ ఆటోపే ద్వారా, అంటే గడువు రాగానే డబ్బు దానంతటదే కోసుకునే పద్ధతిలో. అది 2020లో వచ్చింది. మొదట ఒకసారి పిన్ కొట్టి అనుమతి ఇస్తే, ఆ తర్వాతి కోతలకు ఒక పరిమితి వరకు మళ్లీ అడగదు. ఆ పరిమితిని 2022 జూన్‌లో 5,000 నుంచి 15,000 రూపాయలకు పెంచారు. నా 199 దానికి ఏ మూలకు?

నా పక్క బల్ల దగ్గర రాసే తమ్ముడే అసలు విషయం చెప్పాడు. “అన్నా, నువ్వు యాప్ తీసేసినావు గానీ చందా తీయలేదు. అది ప్లే స్టోర్‌లో ఉంటాది చూడు” అన్నాడు. ప్లే స్టోర్ తెరిచి, పైన మూల ఉన్న మన బొమ్మను నొక్కి, చెల్లింపులు, చందాలు అన్నచోటికి వెళ్లాను. అక్కడ చందాలేమీ లేవని కనిపించింది. డబ్బు పోతున్నది, చందా మాత్రం లేదు! దాదాపు గంట తర్వాత తేలింది: నా ఫోనులో నాదీ మా అబ్బాయిదీ రెండు మెయిల్ ఖాతాలున్నాయి, 2022లో చందా కట్టింది అబ్బాయి ఖాతా తెరిచి ఉన్నప్పుడు. ఆ ఖాతాకు మారితే గానీ చందా కంటపడలేదు. మీకూ కనిపించకపోతే మొదట ఇదే చూడండి. ఐఫోన్ వాడేవారు సెట్టింగ్స్‌లో పైన తమ పేరు నొక్కితే చందాల పట్టిక కనిపిస్తుంది.

రద్దు నొక్కితే కారణం అడిగింది, మళ్లీ ఖాయం చేయమంది, మెయిల్ పంపింది. అప్పటికే కట్టిన నెల ముగిసేదాకా సేవలు ఉంటాయి కనుక రద్దు చేయడానికి చివరిరోజు వరకు ఆగనవసరం లేదు. ఆ తర్వాతే యూపీఐ యాప్‌లోని ఆటోపే పట్టికకు వెళ్లి అక్కడి అనుమతి కూడా పోయిందో లేదో చూసుకున్నాను. ఆ పట్టికలోనే ఎప్పుడో తీసుకుని మరిచిపోయిన ఒక సినిమాల యాప్‌కు 49 రూపాయల అనుమతి ఇంకా బతికి ఉంది; దాన్నీ తీసేశాను.

అంతకంటే బరువైన పని కాగితాలది. యాప్‌ను ఫోనులోంచి తీసేసినా, మూడేళ్లలో నేను స్కాన్ చేసినవన్నీ వాళ్ల సర్వర్లలోనే ఉన్నాయి. అవి నావి కావు. దగదర్తి, జలదంకి, అల్లూరు వైపు నుంచి నన్ను నమ్మి వచ్చినవారి ఆధార్లు, సంతకాలు, వేలిముద్రలు. అందుకని యాప్‌ను తిరిగి ఎక్కించుకున్నాను. దించుకోవడానికి ఒక్కసారికి ఇరవై ఫైళ్లకు మించి ఒప్పుకోలేదు. పైగా ఫైళ్లకు తేదీలు తప్ప పేర్లు లేవు కనుక ఒక్కొక్కటీ తెరిచి, అది ఎవరి దస్తావేజో చూసి, పేరు మార్చి హార్డ్‌డిస్కులో పెట్టుకోవడానికి నాలుగు రాత్రులు పట్టింది. పని ముగిసినవారి ఆధార్ నకళ్లను దాచుకోకుండా చెరిపేశాను.

తర్వాత ఖాతా తొలగింపు. ఖాతా తెరిపించే యాప్ ఏదైనా ఆ ఖాతాను తొలగించే వీలు కూడా ఇవ్వాలని గూగుల్ ప్లే నియమం. ఈ యాప్‌లో ఆ వీలు ఉన్నది గానీ సెట్టింగ్స్‌లో సహాయం లోపల, చివరి వరసలో, లేత బూడిద రంగు అక్షరాల్లో ఉన్నది. నొక్కితే మూడు నెలలు సగం ధరకే ఇస్తామని ఒక తెర, మీ ఫైళ్లన్నీ పోతాయని మరో తెర, మళ్లీ ఆలోచించుకోమని ఇంకో తెర వచ్చాయి. మన దేశంలో 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ప్రకటించిన మార్గదర్శకాలు ఇలాంటి 13 రకాల మోసపు పద్ధతులను పేర్కొన్నాయి. చందా రద్దును కష్టతరం చేయడం, రద్దు మీటను దాచడం వాటిలో ఉన్నాయి. తొలగింపును ఈ విధంగా దాచడం కూడా ఆ కోవలోదేనని నా అభిప్రాయం. రెండు నెలల డబ్బు తిరిగి ఇమ్మని కంపెనీకి రాస్తే, యాప్ తీసేయడం రద్దు కిందికి రాదని జవాబు వచ్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తానని మళ్లీ రాశాక ఒక నెల సొమ్ము వెనక్కి వచ్చింది.

తొలగింపుకు వాళ్లు పెట్టిన ముప్పై రోజుల గడువు దాటాక ఖాతా తొలగించినట్లు మెయిల్ అందింది. ఆ మెయిల్ చూసిన తర్వాతే యాప్‌ను రెండోసారి ఫోనులోంచి తీసేశాను. ఇప్పుడు గూగుల్ డ్రైవ్‌లోనే స్కాన్ చేస్తున్నాను. రోజువారీ కాగితాలకు అది చాలు. నీడను అంత బాగా తీయదు కనుక, పాత దస్తావేజులను మాత్రం ఉదయం పదిగంటల వేళ గడపదాకా ఎండ వచ్చినప్పుడు వాకిట్లో బల్ల వేసుకుని తీస్తున్నాను.