మామూలు జనం మోకాళ్లకు ఏ ప్రశ్నావళి: కూసా, ఆక్స్‌ఫర్డా?

చిక్కడపల్లిలో మా పిన్ని నేల మీద నుంచి లేచేటప్పుడు ముందు అరచేయి ఆనిస్తుంది, తర్వాత గోడ పట్టుకుంటుంది. నొప్పా అంటే "ఏమీ లేదు నాయనా" అంటుంది. ఆసుపత్రి గడప తొక్కని ఇలాంటివారి మోకాళ్ల పనితీరును ఏ ప్రశ్నావళి పట్టుకుంటుంది? మోకాలి ఇబ్బందులను ఆ మనిషినే అడిగి మార్కులు వేసే ప్రశ్నావళులు రెండు నా ముందున్నాయి: ఆక్స్‌ఫర్డ్ మోకాలి స్కోరు, కూస్ (KOOS).

ఆక్స్‌ఫర్డ్ స్కోరులో 12 ప్రశ్నలే. ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 48; 48 అంటే మోకాలు బాగా పనిచేస్తోందని. త్వరగా అయిపోతుంది. అయితే అది మోకీలు మార్పిడి చేయించుకునేవారి కోసం పుట్టింది. మామూలు జనానికి ఇస్తే చాలామంది 48 దగ్గరే గుమిగూడతారు. బాగున్నవారికీ, కాస్త తగ్గినవారికీ తేడా తెలియదు.

కూస్‌లో 42 ప్రశ్నలు. నొప్పి, ఇతర లక్షణాలు, రోజువారీ పనులు, ఆటలు, జీవన నాణ్యత: ఐదింటికీ విడివిడిగా 0 నుంచి 100 మార్కులు. 100 అంటే ఏ ఇబ్బందీ లేదని. నాకు విలువైనదిగా తోచేది ఆటల విభాగం. పేరు ఆటలదే అయినా గొంతుక్కూర్చోవడం, మోకరిల్లడం అందులోనే ఉన్నాయి. పిన్నిని అడిగితే నడకకూ మెట్లకూ "ఇబ్బంది లేదు" అంది. గొంతుక్కూర్చోవడం దగ్గర ఆగిపోయింది. "అది మానేసి రెండేళ్లయింది" అంది మెల్లగా.

కూస్‌లో మనకు నప్పనివీ ఉన్నాయి. స్నానపు తొట్టెలోకి దిగడం గురించి అడిగితే, "చెంబుతో పోసుకునేదానికి తొట్టె ఎక్కడిది?" అంది. పక్కన కూర్చుని చదివి వినిపించాలి, సమయం పడుతుంది. అయినా కాలనీ సర్వేకు నేను కూస్‌నే ఎంచుకుంటాను. శస్త్రచికిత్సకు ముందూ తర్వాతా పోల్చడానికైతే ఆక్స్‌ఫర్డ్ చాలు.