55 చుట్ల మోటారు, 3 ఏళ్ళ రాళ్ళ బండి

నాది కర్నూలులో మోటారు వైండింగ్ షాపు. పొద్దస్తమానం బోరు మోటార్లు విప్పడం, కాలిన తీగ పీకడం, కొత్తది చుట్టడం. అట్లాంటోడు 34,000 రూపాయలు పోసి రిమోట్ కారు కట్టుకున్నాడంటే వీధిలో వాళ్ళు నవ్వారు. ఇంట్లో నవ్వలేదు, ఆ సంగతి వదిలేద్దాం. బండికి ఇప్పుడు మూడేళ్ళు. డబ్బా విప్పిన వారానికే పొగుడుతూ రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. నా బండిలో మొదట బిగించినవాటిలో ఛాసిస్ పట్టీలు, గేరు డబ్బా తప్ప ఏదీ మిగల్లేదు కాబట్టి, ఏది నిలిచింది, ఏది దండగైంది అన్నది కాస్త ధైర్యంగానే చెప్పగలను.

తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. నాది రాక్ క్రాలర్, అంటే రాళ్ళెక్కే రిమోట్ కారు. పరిగెత్తే కారు కాదు. మనిషి నడక కన్నా నిదానంగా పోతూ బండలెక్కే బండి. అసలు జీపులో పదో వంతు సైజు. నాలుగు చక్రాలూ లాగుతాయి. డిఫరెన్షియల్ లాక్ చేసి ఉంటుంది కాబట్టి ఒక చక్రం గాల్లోకి లేచినా అదొక్కటే ఉత్తగా తిరగదు, రాతి మీదున్న చక్రమూ దానితో పాటు తిరిగి లాగుతుంది. దానికి బదులుగా మలుపులో టైర్లు రాచుకుంటాయి, తిరగడానికి వాకిలంత చోటు అడుగుతుంది.

రెడీమేడ్ ఎందుకు కొనలేదంటే, మొదట 2017లో వచ్చిన ట్రాక్సాస్ కంపెనీ క్రాలర్ టీఆర్‌ఎక్స్-4 మీదే మనసు పడింది. చక్రం దగ్గరే గేర్లు పెట్టి ఇరుసును పైకి లేపే పోర్టల్ యాక్సిల్ దానిది, రాయి అడుగున తగలడం తక్కువ. సుంకంతో కలిపి ధర చూశాక మనసు దానంతటదే కిందికి దిగింది. ఇంకో దారి దొరికింది. 2009లో ఆక్సియల్ కంపెనీ వాళ్ళ ఎస్‌సీఎక్స్10 క్రాలర్ వచ్చినప్పటి నుంచి దాని కొలతల మీద విడిభాగాలు కుప్పలుగా తయారవుతున్నాయి. నేను ఎంచుకున్నది ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 313 మిల్లీమీటర్ల కొలత. ఆ ఒక్క కొలత పట్టుకుంటే ఒకరి ఛాసిస్‌కు ఇంకొకరి ఇరుసు, మూడోవాళ్ళ షాక్ అబ్జార్బర్లు కుదురుతాయి. చేతిలో ఆకురాయి ఉంటే కుదురుతాయి అని చెప్పాలి సరిగ్గా.

మోటారు దగ్గర నేను చేసిన తప్పు నా వృత్తికే సిగ్గుచేటు. ఈ మోటార్లను చుట్ల లెక్కన అమ్ముతారు: 35 చుట్లు, 45 చుట్లు, 55 చుట్లు. చుట్లు తక్కువైతే వేగం, ఎక్కువైతే నిదానం, తక్కువ కరెంటుకే ఎక్కువ పట్టు. రోజూ తీగ చుట్టేవాడికి ఇది ఒకరు చెప్పాల్సిన మాట కాదు. అయినా బలం ఎక్కువుంటే కొండెక్కుతుందన్న యావలో 35 చుట్లది తెచ్చి, దానికి 3 సెల్లుల లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ తగిలించా. ఓర్వకల్లు రాక్ గార్డెన్‌కు ఇవతల, నంద్యాల రోడ్డు పక్క గుట్ట దగ్గర మొదటి ఆదివారం దింపాను. రాతి ముందు ఆపి ట్రిగ్గర్ కొంచెం నొక్కితే కదలదు, ఇంకొంచెం నొక్కితే కప్పలా ఎగిరి వెల్లకిలా పడుతుంది. ఆ రెండింటి మధ్య ఏమీ లేదు. అరగంటకు మోటారు డబ్బా చెయ్యి పెట్టలేనంత కాలింది. బ్రష్షుల వాసన నాకు బాగా తెలిసిన వాసనే, షాపులో గ్రైండర్లు కాలిపోయి వస్తే వచ్చేదే.

55 చుట్లది వేసి 2 సెల్లులకు, అంటే 7.4 వోల్టులకు దిగాక బండి అసలైన బండిలా నడిచింది. చక్రం వెంట్రుకవాసి తిరగమంటే అంతే తిరుగుతుంది. మోటారుకు పోయే కరెంటును అదుపు చేసే స్పీడ్ కంట్రోలర్‌లో డ్రాగ్ బ్రేక్ నూటికి నూరు పెట్టుకోండి, ట్రిగ్గర్ వదిలితే నిలువు బండ మీద కూడా బల్లిలా అతుక్కుని నిలబడుతుంది. బ్రష్షులు లేని బ్రష్‌లెస్ మోటారు కొనమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. మూడేళ్ళలో నేను మార్చిన 55 చుట్ల మోటార్లు రెండంటే రెండు. రెండూ కలిపినా బ్రష్‌లెస్ ధరలో సగం కాదు.

అసలు విషయం బరువు. మోటారు మార్చాక కూడా బండి నిలువు చోట ముందు చక్రాలు లేపి వెనక్కి దొర్లేది. నా పక్కషాపు లేత్ మామ చూసి, "పైన అంత ముల్లె పెట్టి కొండెక్కమంటే యాడెక్కుతాదప్పా?" అన్నాడు. ముల్లె అంటే గట్టి ప్లాస్టిక్ బాడీ. తూచితే 600 గ్రాములు. అందం కోసం కొన్నది. దాన్ని పీకి, ఫ్లెక్సీ షాపులో మిగిలిన సన్‌బోర్డు ముక్కలతో కమాండర్ జీపు బాడీ కోసి అతికించా, 200 గ్రాముల్లో తేలింది. ఊళ్ళల్లో పదిహేను మందిని ఎక్కించుకుని తిరిగిన కమాండర్ అంటే నాకు అదో మురిపెం. ఇక కింద బరువు పెట్టాలి. దానికి ఇత్తడి రింగులు విడిగా అమ్ముతారు, ధర బంగారంలా చెబుతారు. నా షాపు మూల అరిగిన బోరు మోటారు బుష్‌లు బుట్టెడున్నాయి, అన్నీ గన్‌మెటల్. మామ వాటిని లేత్ మీద తిప్పి ముందు చక్రాల లోపల పట్టేలా రెండు రింగులు తీశాడు, ఒక్కోటి 130 గ్రాములు. బ్యాటరీని వెనక నుంచి తెచ్చి ముందు ఇరుసు మీద కూర్చోబెట్టా.

ఎదురింటి కిరాణా కొట్టు కాటా మీద ముందు చక్రాలు పెట్టి, వెనక చక్రాల కింద అదే ఎత్తుకు పప్పు డబ్బాలు పేర్చి తూచాం. మొత్తం 2 కిలోల 950 గ్రాముల్లో ముందు పడింది కిలో 750. నూటికి 59. అంతకు ముందు సగానికి సగం ఉండేది. ఆ సాయంత్రమే, అంతకు ముందు పదిసార్లు దొర్లిపడిన రాయిని ఒక్కసారిలో ఎక్కింది. ఖర్చు: మామకు రెండు టీలు, ఒక మిర్చి బజ్జీ పొట్లం. 34,000లో ఇంత లాభం ఇచ్చిన రూపాయి ఇంకోటి లేదు.

దండగ కూడా చెప్పాలి. చక్రం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కున్నప్పుడు స్టీరింగ్ తిప్పితే బండి ఒక్క క్షణం చచ్చిపోయేది. లైట్లారి, బ్రేకు వదిలి వెనక్కి జారేది. సిగ్నల్ పోతోందనుకుని 4,000 పెట్టి రిమోట్ మార్చా. కొత్త రిమోట్‌తోనూ అదే వరస. చివరికి బుద్ధొచ్చి మీటరు పెట్టా. మా అబ్బాయి ముందు చక్రాన్ని కాళ్ళ మధ్య ఇరికించి పట్టుకున్నాడు, నేను స్టీరింగ్ తిప్పాను. రిసీవర్ దగ్గర 6 వోల్టులు ఉండాల్సింది 4కు కిందికి పడిపోయింది. సర్వో అంటే స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు; 25 కిలోల పట్టున్న సర్వో ఇరుక్కుంటే గుంజే కరెంటు స్పీడ్ కంట్రోలర్‌లో ఉన్న చిన్న సప్లైకి మోయలేని బరువు. సర్వోకు బ్యాటరీ నుంచి నేరుగా వేరే బీఈసీ, అంటే వోల్టేజీ తగ్గించి ఇచ్చే చిన్న సప్లై వేశా, 450 రూపాయలు. జబ్బు మాయం. రోజూ నా దగ్గరికి వచ్చే రైతులకు "మోటారు బాగానే ఉంది, వోల్టేజీ చూసుకోండి" అని చెప్పే నోరే ఇది.

ఎండ సంగతి ఏ సమీక్షలోనూ రాయరు, రాసేవాళ్ళు చల్లటి దేశాలవాళ్ళు. మా షాపు పైకప్పు సిమెంటు రేకు. మే నెలలో నిండా ఛార్జ్ చేసిన బ్యాటరీని అల్మారా మీద మర్చిపోతే నాలుగు రోజులకు పూరీలా ఉబ్బింది. లిపోను వాడనప్పుడు సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఆపి, ఇంట్లో చల్లటి చోట పెట్టాలి. మాది ఇప్పుడు బియ్యం డ్రమ్ము పక్కన మట్టికుండలో ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున 8 దాటితే బండి బయటికి తియ్యను. రాయి కాలితే మెత్తటి టైరు ఇంకా మెత్తబడి గుబ్బలు తొందరగా ఊడుతున్నాయి.

టైర్ల గురించి ఒకే సమాధానం లేదు, మన రాయిని బట్టి ఉంటుంది. గుత్తి కొండ అడుగున ఉండే గ్రానైట్ గుండ్లు గరుకు, ఎంత నిలువుగా ఉన్నా టైరు కరుచుకుంటుంది, కానీ సానరాయిలా అరగదీస్తుంది. ఓర్వకల్లు వైపు పలుగురాయి అంచులు బ్లేడులే, టైరు పక్క గోడ చీలింది అక్కడే. అన్నిటికన్నా మోసం చేసేది బేతంచెర్ల నాపబండ. అక్కడి పాలిష్ ఫ్యాక్టరీల పక్కన పగిలిన ముక్కల కుప్పలుంటాయి, చూడ్డానికి మెట్లలా సులువు. వాటి మీద తెల్లటి పొడి ఉంటే ఏ టైరైనా జారాల్సిందే. తడిగుడ్డతో టైర్లు తుడిచి ఎక్కిస్తే నాలుగు నిమిషాలు పట్టు ఉంటుంది, మళ్ళీ తుడవాలి. జేబులో గుడ్డ లేకుండా నేను బేతంచెర్ల పోను. టైరు లోపలి ఫోమ్ ముందుకు మెత్తది, వెనక్కి కాస్త గట్టిది వేసుకోండి. రింగు స్క్రూలతో బిగించే బీడ్‌లాక్ చక్రాలైతే జిగురు గొడవ ఉండదు, విప్పి మార్చుకోవచ్చు.

షాకుల నూనె, లైట్లు, వించ్ గురించి జనం పేజీలు రాస్తారు. ఇరుక్కున్న బండిని తాడుతో లాగే వించ్ మూడేళ్ళలో నాలుగుసార్లు వాడా, అందులో మూడుసార్లు పిల్లలకు చూపించడానికి. స్క్రూలు ఊడకుండా పట్టే నీలం త్రెడ్‌లాక్ జిగురు మాత్రం మర్చిపోవద్దు, డ్రైవ్ షాఫ్ట్ స్క్రూ ఊడి గడ్డిలో పడితే దేవుడు కూడా వెతకలేడు. ప్లాస్టిక్ డ్రైవ్ షాఫ్టులు మొదటి నెలలోనే మెలిపడి తెగాయి, ఉక్కువి కొనండి.

నీళ్ళలోకి దించకండి. ఎండాకాలం తుంగభద్రలో బయటపడ్డ రాళ్ళు చూసి ఆశపడి మడుగు దాటించా. ఎలక్ట్రానిక్స్‌కు ఏమీ కాలేదు. ఫోమ్ మాత్రం స్పంజీలా నీళ్ళు పీల్చి వారం దాకా ఆరలేదు, బేరింగులకు తుప్పు పట్టింది. వెనక కుడి బేరింగు ఇప్పటికీ కరకరమంటోంది. కొత్త జత కొరియర్‌లో ఉంది. అది వచ్చేదాకా బండి షాపు బల్ల మీదే, చుట్టాల్సిన రెండు బోరు మోటార్ల మధ్య.