ఊపిరితిత్తుల్లో అలా, చెమట నాళంలో ఇలా: సీఎఫ్‌టీఆర్ చేసే పని

సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బుకు మూలం సీఎఫ్‌టీఆర్ అనే ప్రొటీన్‌లోని లోపం. ఆ ప్రొటీన్ ఒక్కటే. కానీ అది ఉన్న చోటును బట్టి ఉప్పు కదిలే దిక్కే మారిపోతుంది.

శ్వాసనాళాల్లో ఇది ఉప్పులో భాగమైన క్లోరైడ్‌ను, దానితోపాటు బైకార్బొనేట్‌ను కణంలోంచి బయటికి వదులుతుంది. నీటిని మోసుకెళ్లడం దీని పని కాదు. ఉప్పు ఎటు పోతే నీరు అటే పోతుంది. ఆ తడి ఉంటేనే కఫం పలచగా ఉండి, వెంట్రుకల్లాంటి సీలియా దాన్ని పైకి నెట్టగలుగుతాయి. ప్రొటీన్ పనిచేయకపోతే కఫం జిగురుగా చిక్కబడి, బ్యాక్టీరియా అక్కడే తిష్ఠ వేస్తుంది.

చెమట గ్రంథి నాళంలో అంతా తలకిందులు. ఇక్కడ క్లోరైడ్ చెమటలోంచి కణంలోకి వెళ్తుంది, వెంట సోడియం కూడా. నాళం గోడ నీటిని దాదాపు దాటనివ్వదు కాబట్టి శరీరంలోకి తిరిగొచ్చేది ఉప్పే. ఆ దారి మూసుకుపోతే చెమట మరీ ఉప్పగా ఉంటుంది. అందుకే చెమట పరీక్షలో క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్స్, ఆపైన ఉంటే వైద్యులు ఈ జబ్బే అనుకుంటారు.

ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఊపిరితిత్తుల వైపు నష్టమే. అయినా నాకు చెమట నాళం మీదే గౌరవం ఎక్కువ, అసలు గుట్టు అక్కడే బయటపడింది. రోగుల నాళాలు క్లోరైడ్‌ను దాటనివ్వడం లేదని 1983లో శాస్త్రవేత్త పాల్ క్వింటన్ చూపించారు. ఆయనకూ ఇదే జబ్బు. ఈ ప్రొటీన్ తాలూకు జన్యువు దొరికింది ఆ తర్వాత, 1989లో.