గన్నవరం నుంచి డల్లాస్‌కు ఎంత దూరం? గ్రేట్ సర్కిల్ మ్యాపర్ సమీక్ష

డల్లాస్‌లో స్థిరపడిన పిల్లల దగ్గరకు ప్రయాణం కట్టే తల్లిదండ్రులు విజయవాడలో ఏ పేటకు వెళ్లినా కనిపిస్తారు. అందుకే విమాన దూరాలను లెక్కగట్టే ఉచిత వెబ్‌సైట్ 'గ్రేట్ సర్కిల్ మ్యాపర్' గురించి వివరంగా రాయాలనిపించింది. రెండు విమానాశ్రయాల మూడక్షరాల కోడ్‌లు ఇస్తే చాలు, భూగోళం మీద వాటి మధ్య అతి దగ్గరి దారిని గీసి, దూరం చెబుతుంది. గన్నవరానికి వీజీఏ, డల్లాస్‌కు డీఎఫ్‌డబ్ల్యూ అని ఇస్తే వచ్చేది సుమారు 14,500 కిలోమీటర్లు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ గీత. గోడ మీది పటం చూసి అమెరికా అంటే పడమటి దిక్కున, యూరప్, అట్లాంటిక్ దాటాక వస్తుందనుకుంటాం. ఈ గీత మాత్రం గన్నవరం నుంచి దాదాపు నేరుగా ఉత్తరానికి బయలుదేరి, హిమాలయాలు, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి అతి సమీపంగా వెళ్లి, కెనడా మీదుగా టెక్సస్‌కు దిగుతుంది. రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా ఇంచుమించు 178 డిగ్రీలు కావడమే, అంటే అవి భూగోళానికి దాదాపు ఎదురెదురు వైపుల ఉండటమే దీనికి కారణం. భూగోళశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు దీన్ని తరగతిలో ఒక్కసారి చూపించినా ఎంతో మేలు.

ఆ దారిన గన్నవరం నుంచి విమానం లేదు. అందుచేత మధ్యలో ఆగే ఊళ్ల కోడ్‌లనూ వరుసగా ఇచ్చి చూడాలి. హైదరాబాద్, దుబాయ్ మీదుగా అయితే మొత్తం 15,700 కిలోమీటర్లు దాటుతుంది, అందులో దుబాయ్–డల్లాస్ మధ్యే సుమారు 12,900. అంటే చుట్టు తిరిగినందుకు అదనంగా పడేది దాదాపు 1,200 కిలోమీటర్లే. ఏ ఊరి మీదుగా టికెట్ తీసుకోవాలన్న తర్జనభర్జన ఇక్కడే సగం తీరిపోతుంది.

ప్రయాణ సమయం విషయంలో మాత్రం దూరాన్ని వేగంతో భాగించి ఊరుకోకూడదు. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున 14,500 కిలోమీటర్లకు పదహారు గంటలు వస్తాయి, కానీ దుబాయ్ నుంచి డల్లాస్‌కే దాదాపు అంత సమయం పడుతుంది. అక్కడి నుంచి తిరిగి వచ్చేటప్పుడు పడమటి నుంచి తూర్పుకు వీచే గాలుల తోడ్పాటుతో గంటకు పైగా తగ్గుతుంది. గాలి బలం ఎంతటిదో 2016లో ఎయిర్ ఇండియా చూపించింది. ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మీదుగా కాక పసిఫిక్ మీదుగా నడిపితే, దారి సుమారు 15,300 కిలోమీటర్లకు పెరిగినా పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది. వీటికి తోడు హైదరాబాద్‌లోనూ దుబాయ్‌లోనూ పడే నిరీక్షణ, శంషాబాద్‌కు కారులో వెళ్లేవారికైతే మరో అయిదారు గంటల రోడ్డు ప్రయాణం, ఇవేవీ పటంలోని గీతకు తెలియవు. టికెట్ మీది వేళలు కూడా ఏ ఊరివి ఆ ఊరివే కాబట్టి, డల్లాస్ మనకంటే చలికాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు వెనక ఉంటుందని గుర్తుపెట్టుకుని లెక్కవేసుకోవాలి.

వాడేముందు దూరాన్ని మైళ్లలో చూపుతోందా, కిలోమీటర్లలోనా అన్నది సరిచూసుకోండి, ఎందుకంటే మైళ్లలో ఇదే దూరం తొమ్మిది వేల చిల్లరగా కనిపిస్తుంది. సైట్ అంతా ఇంగ్లిష్‌లో ఉంది కనుక పెద్దవాళ్లకు మొదటిసారి ఎవరైనా పక్కన కూర్చుని చూపించాలి.