నాసా వరల్డ్‌వ్యూ: సహజ వర్ణం దాచేది 7-2-1 చూపుతుంది

నాసా వరల్డ్‌వ్యూ వెబ్‌సైటుకు ఖాతా అక్కరలేదు, రుసుము లేదు. తేదీ ఎంచుకుని మన ప్రాంతం మీదికి జరిపితే టెర్రా, ఆక్వా, సువోమి ఎన్‌పీపీ, నోవా-20 ఉపగ్రహాలు ఆ పగలు తీసిన చిత్రాలు వస్తాయి. రెండేళ్లుగా కొల్లేరు, డెల్టాల కోసం దీనిని వాడుతున్న నాకు ఎక్కువగా ఉపయోగపడింది తెరవగానే కనిపించే సహజ వర్ణ చిత్రం కాదు, పొరల జాబితాలో వెతుక్కోవలసిన 7-2-1 చిత్రం.

టెర్రా, ఆక్వాల మీదున్న మోడిస్ పరికరం కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా పట్టీలుగా విడదీసి కొలుస్తుంది, 7-2-1 అంటే వాటిలో మూడు పట్టీల సంఖ్యలు. 7వ పట్టీ అయిన 2.1 మైక్రోమీటర్ల పరారుణ కాంతిని ఎరుపుగా, 2వది అయిన 0.86 మైక్రోమీటర్ల సమీప పరారుణాన్ని ఆకుపచ్చగా, 1వది అయిన కంటికి కనిపించే ఎరుపును నీలంగా ఇందులో చూపుతారు. ఆకు లోపలి కణాల నడుమ సమీప పరారుణం చెదిరి చాలావరకు వెనక్కి వస్తుంది, నీరు దానిని మింగేస్తుంది. అందువల్ల పైరు మెరిసే ఆకుపచ్చగా, చెరువు నల్లగా కనిపిస్తాయి. సహజ వర్ణంలో దున్నిన నేలతో కలిసిపోయే గోదావరి వరదనీరు ఇక్కడ విడిగా తెలుస్తుంది, బురద బాగా ఎక్కువైతే మాత్రం నలుపు నీలానికి తిరుగుతుంది.

మేఘాల దగ్గర తేడా ఇంకా స్పష్టం. జనవరి ఉదయపు పొగమంచూ, ఎంతో ఎత్తున తేలే మంచు మేఘమూ మామూలు చిత్రంలో రెండూ తెలుపే. మంచు స్ఫటికాలు 2.1 మైక్రోమీటర్ల కాంతిని గట్టిగా పీల్చుకుంటాయి కనుక ఎరుపు పాలు తగ్గి ఆ మేఘం నీలిఆకుపచ్చగా మారుతుంది, సన్నని నీటి బిందువుల పొగమంచు తెల్లగానే నిలుస్తుంది. పోలిక మీటతో రెండు చిత్రాల నడుమ గీతను అటూ ఇటూ జరిపి చూస్తే, పాఠం చదవకుండానే ఈ సంగతి పట్టుబడుతుంది.

లోపాలు లేకపోలేదు. మేఘం కింద ఏముందో ఏ పట్టీ చూపదు, అందువల్ల వాన ముమ్మరంగా ఉన్న రోజుల్లోనే ఈ సేవ చేతులెత్తేస్తుంది. సముద్రం మీద సూర్యుడి ప్రతిఫలనం బూడిదరంగు చారగా పడితే కొత్తవారు దానిని పొగమంచు అనుకుంటారు (నేనూ అనుకున్నాను). 250 మీటర్ల వివరమిచ్చే పట్టీలలో సైతం చిత్రంలోని ఒక్క చుక్క (పిక్సెల్) నేల మీద సుమారు 15 ఎకరాలు, కాబట్టి సొంత చేపల చెరువును వెతకడం వృథా. తుపాను కదలికను గంటగంటకూ గమనించాలంటే భారత ఉపగ్రహాలైన ఇన్‌శాట్‌ల చిత్రాలకే వెళ్లాలి. వాటి దృశ్యకాంతి పట్టీ 1 కిలోమీటరు వివరమే ఇచ్చినా, అరగంటకొకసారి కొత్త చిత్రం వస్తుంది.